దేవేంద్రప్ప దాటిపోయిన బాణం

జింకలు ఈ ఏడు రెండోసారి హనుమేష్ శనగచేను మేసిపోయాయి. సాయంత్రానికల్లా ఒకదాన్నైనా కొట్టి తీరాలని వాడు కొత్త విల్లు పట్టుకొని సుంకులమ్మ టీకొట్టుకొచ్చాడు. జింకను కొడితే కేసవుతాదిరా అని అందరూ చెప్పినా వినలేదు. బండమీద కూర్చున్న దేవేంద్రప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన కోతలు ఊరందరికీ తెలిసినవే.

"విల్లు పట్టినోళ్లంతా వేటగాళ్లు కాదురా హనుమేషూ. నీ వయసులో నేనూ పోయినా. ఎక్కువేం లేదు, ఒక్క జింక కోసరం. తుమ్మచెట్టు సాటున నిలబడినా. వచ్చినాదప్పా పోతు! నారి లాగినా. అది నాకు ఎదురుగా నిలబడి చూస్తాండాది. ఎదురుగా ఉండేదాన్ని కొట్టగూడదు. బాణం ఎముకకు తగిలి జారితే, అది దెబ్బతోనే ఉరికి యాడనో పడి సస్తాది. పక్కకు తిరగల్ల, దాని వెనక ఇంకోటి ఉండగూడదు. అంతవరకూ లాగిన నారి లాగినట్లే నిలబడినా."

"ఎంతసేపు మామా?" అన్నాడు హనుమేష్.

"సేపేందిరా! పొద్దు గూకినాది, మల్లా పుట్టినాది. చెదలు నా మోకాళ్ల దాకా పుట్ట పెట్టినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాణం మీద పిచ్చుక గూడు కట్టినాది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు ఎగిరిపోయేదాకా నేను రెప్ప కొట్టల్యా."

"మరి కూడో?" ఎర్రగుంట్ల సిమెంటు లారీ తోలే మారెన్న అడిగాడు.

"కూడెవరికి గావాలప్పా? ఆఖరుకు జింక పక్కకు తిరిగినాది. వదిలినా. బాణం సగం దోవలో ఉండాది, చూస్తే దాని వెనక గడ్డిలో పిల్ల! ఏం చేస్తావు? ఉరికినా. నా బాణాన్ని నేనే దాటిపోయి, ఇట్ల తిరిగి, జింక డొక్క కాడ ఒడిసి పట్టుకున్యా!"

అందరూ పగలబడి నవ్వారు. హనుమేష్ నవ్వుతూనే లేచాడు.

"నేనట్ల ఉరకలేను మామా. నాకు నా చేను గావాల."

"ఆయన యానాడూ విల్లు ముట్టిండ్లేదురా," అంది సుంకులమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "పోయినేడు ఎవరో కొట్టిన జింక, కడుపులో బాణంతో వచ్చి ఈయన చేలో పడినాది. దాని తల తొడమీద పెట్టుకొని, టవలు తడిపి నోట్లో నీళ్లు పిండుతా కూసున్యాడు. నేను సూసినా."

దేవేంద్రప్ప తల వంచుకున్నాడు.

"ఎంతసేపు బతికినాది మామా?" అన్నాడు హనుమేష్.

ఆయన తల ఎత్తలేదు.

"శానాసేపురా."

హనుమేష్ కూర్చొని, విల్లు వంచి, నారి ఊడదీశాడు.

"రాత్రికి చేన్లో డబ్బా కొడతా కావలి కాస్తా," అన్నాడు. "నువ్వూ రా మామా."