తుంగచాప మీద ఒక కునుకు

అధ్యక్షులు సూర్యనారాయణరాజు గారికి, ఇవాళ మన తుంగచాపల సంఘం డిపో నుంచి పదవీ విరమణ చేస్తున్న చిట్టియ్య గారికి, పొద్దున్నే వచ్చి నాతోపాటు హాలు ఊడ్చిన రెబెక్కా గారికి, చాపలు నేసే అక్కలకి, పెద్దలకి, స్నేహితులకి ఈ ఫణీంద్ర నమస్కారాలు. కుర్చీలు బయట పెట్టించి అందరినీ చాపల మీద కూర్చోబెట్టింది నేనేనండి. భోజనాలయ్యాక నిటారుగా కూర్చోలేక నన్ను తిట్టుకుంటున్నవాళ్ళు మొహమాటం లేకుండా జారగిలబడొచ్చు. (నవ్వులు)

రెండు నిమిషాలు పొగిడి కూర్చోమన్నారు కార్యదర్శి వెంకటరాజు గారు. పొగడడం నాకు చేతకాదు, దెబ్బలాడడమే వచ్చు. డిపోలో చేరిన కొత్తలో, కరపత్రాల్లో చదివిందంతా బుర్రలో ఉడుకుతుండగా, ప్లాస్టిక్ చాప చంకన పెట్టుకొచ్చి మన చాప ధర అడిగిన ఒక పెద్దమనిషికి, మీలాంటివాళ్ళ వల్లే చేతిపనులు చచ్చిపోతున్నాయని గుమ్మంలోనే ఉపన్యాసమిచ్చాను. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. ఆయన వెనక్కి తిరగబోతుంటే చిట్టియ్య గారు గోడవారగా చాప పరిచి, మంచినీళ్ళిచ్చి, "ఆయ్, ఎండన పడి వచ్చారు, కాసేపు నడుం వాల్చండి. నచ్చకపోతే చుట్టేసి లోపల పెట్టేస్తాను" అన్నారు. కాలవ మీంచి గాలి, ఎండిన తుంగ వాసన. ఆ మనిషి కళ్ళు మూసుకున్నాడు. నేను మళ్ళీ నోరు తెరవబోతే చిట్టియ్య గారు పెదాల మీద వేలు పెట్టుకుని, "బాబూ, బేరం మొదలైంది" అన్నారు. లేచాక ఆయన తనకొకటి, వాళ్ళమ్మకొకటి పట్టుకెళ్ళాడు. ప్లాస్టిక్ చాప మా దగ్గరే మర్చిపోయాడు. (నవ్వులు)

అప్పట్నుంచి నాకు పగటికలలు పట్టుకున్నాయండి. అన్నవరం సత్రాల్లో వ్రతానికొచ్చినవాళ్ళు మన చాపల మీంచి లేస్తూ ఇవి ఏ ఊరివండీ అని అడుగుతున్నట్టు, సామర్లకోట స్టేషన్లో రైలు ఆలస్యమైన ఓ తల్లి మన చాప పరిచి పిల్లల్ని పడుకోబెడుతున్నట్టు, అన్ని చాపలకీ తుంగ చాలక, వదిలేసిన రొయ్యల చెరువుల నిండా మళ్ళీ తుంగే పచ్చగా మొలిచి ఊగుతున్నట్టు. కొనేవాళ్ళు లేరంటే నేనొప్పుకోను. నిద్రపోయే మనిషున్న ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మనమే వెళ్ళి పరచలేదు.

కానీ చిట్టియ్య గారితోపాటు డిపో కూడా రిటైరైపోతోంది. దాని ముందు గదిని ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకి అద్దెకిచ్చే కాగితం మీద అధ్యక్షుల వారు ఈ సభ అవగానే సంతకం పెడతారట. ఇక అక్కలు నేసిన చాప ఎక్కడ పెట్టి అమ్మాలి? నిన్న వెళ్ళి గొడవపడితే ఆయన కోప్పడలేదు. "చాప బానే ఉంటుందయ్యా ఫణీంద్రా, కొనేవాడేడీ?" అన్నారు. దానికి జవాబు రాసుకొచ్చాను. కాస్త ఘాటుగానే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

(విరామం)

వద్దు వెంకటరాజు గారూ, అధ్యక్షుల వారిని లేపకండి. ఎప్పుడు పట్టిందో పాపం, మంచి నిద్రలో ఉన్నారు. ఇందాక మనం కప్పిన శాలువా తీసి మడిచి, చిట్టియ్య గారు ఆయన తల కింద పెట్టారు చూడండి. విరమణ అయిపోయిందని ఆయనకి ఎవరైనా చెప్పారా? (నవ్వులు) నెమ్మదిగా నవ్వండి. రెబెక్కా గారూ, ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పండి.

నా జవాబు జేబులోనే ఉంచేసుకుంటున్నాను. అధ్యక్షుల వారు లేచాక డిపో తాళాలు నాకిమ్మని అడుగుతాను, అంతే. చిట్టియ్య గారూ, మీకు రుణపడి ఉంటాను. వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. దయచేసి చప్పట్లు కొట్టకండి, బేరం నడుస్తోంది. సెలవు.