ఓర్విల్ టాకెట్ బూటు లేసు

ఆగాగు అమ్మాయ్, ఆ మేకుకున్న లేసు తియ్యకు! ఏం, చెత్తలా కనిపించిందా? కొత్తగా పనిలో చేరావు, నీకేం తెలుసులే. ఆ బకెట్టు బోర్లించుకుని కూర్చో. అది ఓర్విల్ టాకెట్ లేసు. అంటే వాడి బూటుది కాదనుకో, అయినా వాడిదే. చెప్తానుండు, తొందరపడకు.

నేనీ మైదానంలో గడ్డి కోసే రోజుల్లో ఓర్విల్ అదిగో, ఆ చివర కంచె దగ్గర నిలబడి బంతులు పట్టేవాడు. బేస్‌బాల్ తప్ప ఇంకో పని రాదు. పదిహేనేళ్ళలో పదకొండు ఊళ్ళ టీములు తిరిగాడు, అన్నీ మనలాంటి చిన్న లీగులే. ఏ ఊళ్ళోనూ పెట్టె పూర్తిగా విప్పలేదంటే నమ్ము. ఒకసారైతే ఒక టీమువాళ్ళు వాణ్ణి ఇంకో టీముకిచ్చి, బదులుగా పాత బస్సు పుచ్చుకున్నారు! నవ్వకు, నిజం. వీడు కొత్త ఊరికి పోతుంటే దారిలో ఆ బస్సే ఆగిపోయి కనిపించిందిట. పాపం, దిగి తోశాడు. "నాకంటే అదే ముందు పాడైందిరా హార్లన్" అని నాతో చెప్పి ఎంత మురిసిపోయాడో! మా ఆవిడ మర్టిల్‌కి వాడంటే ప్రాణం. భోజనానికొస్తే నాకు రెండు పోర్క్ చాప్స్, వాడికి మూడు. అదేంటే అంటే, "పరిగెత్తేది వాడా, నువ్వా?" అనేది. సరే, అది వదిలెయ్. ఏం చెప్తున్నానూ... ఆఁ. వాడికి కావలసింది ఒక్కటే. పెద్ద లీగులో ఒక్క ఆట ఆడాలి, ఆ లావుపాటి రికార్డుల పుస్తకంలో తన పేరు పడాలి. "టాకెట్, ఓర్విల్ అని ఒక్క లైనుంటే చాలురా, పక్కన అన్నీ సున్నాలున్నా పర్లేదు" అనేవాడు.

ఇక లేసు సంగతి. తొమ్మిదిలో కనీసం ఐదు ఇన్నింగ్స్ నిండకుండా వాన ముంచేస్తే ఆ ఆట చెల్లదు కదా, కొట్టిందీ పట్టిందీ అంతా గాలికే. మనవాళ్ళు ఓడిపోతున్నప్పుడు మబ్బు పట్టిందనుకో, ఓర్విల్ బ్యాటింగుకి వెళ్ళి, "అంపైర్ గారూ, ఒక్క నిమిషం" అని లేసు కట్టుకోడానికి వంగేవాడు. ముందు ఎడమకాలు. తర్వాత కుడికాలు. లాగేసరికి టప్పున తెగేది! తెగదూ మరి, పొద్దున్నే బ్లేడుతో సగం కోసి ఉంచేవాడు దొంగ వెధవ. కొత్త లేసు వచ్చేలోపు వాన దంచేది. అలా తొమ్మిది ఓటములు కడిగేశాడు. మైదానం మీద కప్పే టార్పాలిన్ ఈడ్చలేక నా నడుం పడిపోయి, "నీ లేసు తగలెయ్యా!" అని తిట్టేవాణ్ణి. ఆ విద్యంతా మన టీములో కొత్తగా చేరిన లోనీ బ్రూబేకర్‌కి నేర్పాడు, ఈ షెడ్డులోనే. "ఎడమకాలు ముందురా గాడిదా! తొందరపడితే దొరికిపోతావు" అని. లోనీ అదృష్టవంతుడు, రెండేళ్ళలో పెద్ద లీగుకి ఎగిరిపోయాడు.

ఓర్విల్‌కి పెద్ద లీగు పిలుపు ముప్పై ఆరో ఏట వచ్చింది. అక్కడెవడికో చీలమండ బెణికిందిట. "ఈసారైనా పెట్టె విప్పుకో నాయనా" అంది మర్టిల్. ఊరంతా బార్బర్ షాపులో రేడియో చుట్టూ చేరాం. మూడో ఇన్నింగ్స్‌లో కొట్టాడమ్మా! కంచె దాటించేశాడు! బార్బరు గంతేశాడు, సగం గీసిన గడ్డంతో నేనూ గంతేశాను, ఇదిగో చూడు మచ్చ. ఐదో ఇన్నింగ్స్ చివరికొచ్చింది. ఓడిపోతున్న ఎదుటివాళ్ళ బ్యాటింగు. ఇంకొక్కడు అవుటైతే ఆట లెక్కలోకి వచ్చేస్తుంది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. బ్యాటింగుకి వచ్చిందెవరూ? వాళ్ళ టీములో ఆడుతున్న మన లోనీ. రేడియోవాడు చెప్తున్నాడు, "బ్రూబేకర్ లేసు కట్టుకుంటున్నాడు... ఎడమకాలు..." బార్బరు కత్తి కింద పెట్టేశాడు. "కుడికాలు... అయ్యో, తెగిందండీ!" అంతే, కుండపోత. ఆట రద్దు. మర్నాటికి ఆ చీలమండవాడు లేచి నడిచాడు, మనవాణ్ణి వెనక్కి పంపేశారు. పుస్తకంలో పేరు లేదు. ఇప్పటికీ లేదు. లోనీ గొంతు పిసికేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. వీడేమో బస్సు దిగుతూనే, "విన్నావా, ఎంత బాగా చేశాడో! ఎడమకాలే ముందు!" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అక్కడి బెంచీ మీద కూలబడి భోరుమన్నాడమ్మా. ఆ రాత్రి మర్టిల్ మూడు చాప్స్ పెడితే ఒక్కటీ ముట్టలేదు.

వాడు పోయి ఇరవై ఏళ్ళవుతోంది. పాతిపెట్టే రోజూ చినుకులే. పాస్టరు గొడుగు కింద నిలబడి గబగబా చదివేసి, "ఇక దింపేద్దామా?" అన్నాడు. లోనీ వచ్చాడులే, జుట్టంతా నెరిసిపోయి. ముందుకొచ్చి, "పాస్టరు గారూ, ఒక్క నిమిషం" అని వంగాడు. ముందు ఎడమకాలు. తర్వాత కుడికాలు. లాగాడు, తెగింది. తెగదూ మరి, ఇంటి దగ్గరే కోసుకొచ్చాడు. వాన పెద్దదైంది. పాస్టరుకేమీ అర్థం కాలేదు. మన పాత టీము ముసలాళ్ళు మాత్రం ఒక్కొక్కడే మోకాలి మీద వంగి బూట్లు పట్టుకున్నారు. నావి రబ్బరు బూట్లు అమ్మాయ్, లేసులే ఉండవు. అయినా వంగాను. లోనీ తెగిన లేసు బురదలో కనిపిస్తే ఏరి తెచ్చి ఆ మేకుకి తగిలించాను.

ఏయ్, చినుకు పడింది. లే, ఆ టార్పాలిన్ కొస పట్టు.