ఇసుక మీద వలలు

జాలరిపేట ఒడ్డున ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకామె కొడుకు అశోక్ మొన్న వేటకు వెళ్లి, పడవ బోల్తాపడి కనిపించకుండా పోయాడు. రెండో ఆమె పొరుగింటిది.

“సూడొదినా, తెల్లారేసరికి పడవలన్నీ ఏటకెల్లిపోనాయి. నా కొడుకు కోసం ఒక్కలూ ఆగనేదు. ఎవులికెవులూ నేరు.”

“ఏటకి కాదొదినా. వలలన్నీ ఇసకలోనే వదిలేసారు, సూడు. అశోక్‌ని ఎతకడానికెల్లారు.”

“మాతో మాటల్లేని నీలకంఠం కూడానా?”

“అందరికన్నా ముందు ఆడే పడవ తోసాడు.”

అశోక్ తల్లి చాలాసేపు ఆ వలల వైపే చూసింది.

“నా కొడుకుని పేనంతో తేలేరని నాకు తెలుసొదినా.”

“ఆళ్లకీ తెలుసు. అయినా ఎల్లారు.”

తల్లి కళ్లు తుడుచుకుని లేచింది.

“పద, పొయ్యెలిగిద్దాం. ఆళ్లు ఆకలితో వత్తారు.”