తాళం వేయని గేటు

ఇంగ్లండులో ఓ పల్లె. రైతూ, అతని బావా బీచ్ అనే చెట్ల అడవి దాటి కుంట గట్టెక్కారు.

"ఆ మురియెల్ టాప్లీ నా కొంప ముంచింది, బావా! ఇరవై ఏళ్లుగా జనం నా పొలంలోంచి నడుస్తున్నారని సాక్ష్యాలు పోగేసి, దీన్ని ఊరిబాట చేయించింది."

"మావయ్య ఏటా ఒకరోజు గేటుకు తాళం వేసేవాడుగా, జనానికి హక్కు రాకుండా?"

"నేను వేయలేదు."

"బద్ధకమా?"

"అటు చూడు. చెట్ల కింద నీలిపూలు, కుంటలో వాటి నీడ. అడవి చుట్టి, మూడు కుంటలూ తిప్పి, మళ్లీ ఇంటికే చేర్చే దారి ఇంకెక్కడుంది? తాళం వేయడానికి చేతులు రాలేదు."

"నువ్వే గేటు తీసి పట్టుకునేవాడివని ఆవిడ తన సాక్ష్యంలో రాసిందటగా?"

"ముసల్ది, వానలో వస్తే తియ్యనా మరి?"

"ఇంతకీ ఎంత పోయింది?"

"నా పొలంలో పడేది ఆరడుగుల వెడల్పు, నాలుగువందల పన్నెండు గజాల పొడవు."