దాలి మీద కోడి

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు. దొనకొండలో సర్కారు బంగళాకు వంటమనిషి కావాలని తెలిసి, దాన్ని చూసుకునే ఓవర్సీరు ఏసురత్నాన్ని పిచ్చయ్య మధ్యాహ్నం భోజనానికి పిలిచినాడు. ఆ ఏడు రోగమొచ్చి పిచ్చయ్య గొర్లూ మేకలూ అన్నీ పోయినాయి. ఈ పని దొరక్కపోతే ఊరు విడవాల్సిందే.

ఓవర్సీరుకు సగం పళ్లు లేవు. అందుకే పిచ్చయ్య పెళ్లాం మాలకొండమ్మ పొద్దున్నే నాటుకోడికి కారం, మసాలా పట్టించి, కుండ మూతకు పిండి మెత్తి, దొడ్లో దాలి గుంటలో పిడకల సెగ మీద పెట్టింది. అట్ల సన్నసెగన పూటంతా మగ్గితే మాంసం ఎముక వదిలేస్తుంది. ఆమె నీళ్లకు పోయినప్పుడు వాన దంచి కొట్టింది. తిరిగొచ్చి కుండ తాకి చూస్తే చల్లగా ఉంది. దాలి నిండా నల్లటి నీళ్లు.

అప్పటికే ఓవర్సీరు అరుగు మీద కూర్చోనున్నాడు.

"రాత్రంతా సన్నసెగ మీద పెట్టినా సారూ," అంటున్నాడు పిచ్చయ్య. "ఈ విద్య మా నాయన నాకు ఒక్కడికే చెప్పినాడు."

మాలకొండమ్మ గబగబా పొయ్యి రాజేయబోయింది. పిడకలు తడిసి పొగ తప్ప మంట రాలేదు. కళ్లల్లో నీళ్లు పొగవో భయానివో తెలియలేదు.

"పోయినేడు మూడు రోజులు మగ్గించినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుంటూరు పోయే రైలు స్టేషన్ దాటి కూడా ఆగిపోయింది. ఇంజన్ డ్రైవరు తపేలా పట్టుకుని దిగినాడు."

"రైలెందుకు ఆగింది బావా?" అన్నాడు పక్కింటి గురవయ్య.

"వాసనకి. అంతటితో అయిందా? గాలి కర్నూలు దిక్కు మళ్లింది. డేరాల్లో మీటింగ్ పెట్టుకున్న మంత్రులు ఫైళ్లు మూసి, ఎవరింట్లో కోడి అని జవాన్లను పంపినారు. ఆ ముక్క నోట్లో పెట్టుకున్న ఒక ముసలాయనకు పళ్లు మళ్లీ మొలిచినాయి సారూ."

ఓవర్సీరు తన దవడ తడుముకున్నాడు. "సరే, వడ్డించమను. ఆకలిగా ఉంది."

"ఏమే, కుండ తీసుకురా."

ఈ కూర పెడితే ఓవర్సీరు నమలలేడు, పని పోతుంది. నిజం చెబితే మొగుడి పరువు పోతుంది, పనీ పోతుంది. కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"సారూ, కోడి ఉడకలేదు. పొద్దున పెట్టింది నేను. వానకు దాలి ఆరిపోయింది, నేను చూసుకోలేదు. గురవయ్యన్న ఇంట్లో ఎండు పిడకలుంటాయి. పొద్దు వాలేలోపు మెత్తగా చేసి పెడతాను."

పిచ్చయ్య కండువా మెలితిప్పుకుంటున్నాడు.

"రాత్రంతా కాదా?" అన్నాడు ఓవర్సీరు.

"కాదు సారూ."

ఓవర్సీరు గడియారం చూసుకున్నాడు. "నా రైలు సాయంత్రం. అప్పటిదాకా మజ్జిగన్నం పెట్టమ్మా. కూర బాగుంటే సోమవారం నుంచి బంగళాకు రా. పని నీకు. మీ ఆయన నీళ్లు మోస్తాడు."

మాలకొండమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. పిచ్చయ్య లేచి, పిడకల కోసం గురవయ్య వెంట నడిచినాడు. గోడ మలుపు తిరిగినాక అతని గొంతు వినబడింది.

"ఆ వాన నల్లమల మీద పడాల్సింది బామ్మర్దీ. నా కోడి వాసనకే ఇటు తిరిగింది."