జైలు గోడ

పాత రాతి జైలును హోటలుగా మారుస్తున్నారు. రెండు గదుల మధ్య గోడ దగ్గర యజమాని, ఇంజనీరైన అతని వదిన వాదించుకుంటున్నారు.

“ఈ గోడ తీసేయాలి వదినా. నాకు పెద్ద హాలు కావాలి.”

“పైకప్పు బరువంతా దీనిమీదే ఉంది. నేను సంతకం పెట్టను.”

“ప్రతిదానికీ అడ్డుపుల్లేనా? మీ సంతకం కోసం ఎదురుచూడలేదులెండి. అవతలివైపు కింది వరస రాళ్ళు పొద్దున్నే తీయించేశాను.”

“పైన ఎవరైనా ఉన్నారా?”

“అన్నయ్య ఉన్నాడు. కొలతలు తీసుకుంటున్నాడు.”

ఆమె గొంతు పెంచలేదు.

“అటు చివరి మెట్ల మీంచి నెమ్మదిగా దిగమని ఫోన్ చెయ్యి. నేను చేస్తే కంగారుపడి పరిగెత్తుకొస్తారు.”

అతను ఆమె వెంట బయటికి నడుస్తూ ఫోన్ చేశాడు. అన్న క్షేమంగా దిగి ఆవరణలోకి వచ్చాడు.

“తప్పయింది వదినా. ఇక మీరు చెప్పినట్టే చేస్తాను.”

“గోడని నిలబెట్టే పని నాది. నువ్వు మాత్రం ఇక మా గడప తొక్కకు.”