ఫొటోలో చెయ్యెత్తిన మనిషి

దొనకొండ పాత విమానాల మైదానం పక్కనే ఆ గొర్రెల దొడ్డి. శత్రువుల జాడల్ని ఆకాశం నుంచి ఫొటోలు తీసిన తమ వైమానికదళ స్క్వాడ్రన్ చరిత్ర రాస్తున్న రిటైర్డ్ ఆఫీసరు, నలభై ఏళ్లనాటి ఫొటో ఒకటి పట్టుకుని కాపరి ముందు కూర్చున్నాడు.

"ఈ ఫొటో తీసిన పొద్దు మాకు పరీక్ష అన్నా. మిలిటరీవాళ్లు ఈడ నాలుగు జీపులు దాచిపెడితే మేం పైనుంచి కనిపెట్టాల. మూడుసార్లు తిరిగినా దొరకలే. యాడ దాచినారో ఇప్పటికీ తెలీదు."

"నా దొడ్లోనే సార్! పైన కంప, గొంగళ్లు కప్పి, చుట్టూ నా గొర్రెల్ని తోలినారు. నన్నొక మాట అడిగింటే ఒట్టు. పైగా నా పొట్టేల్ని కోసుకోని తినిరి."

"అయితే ఈ చెయ్యెత్తినోడు నువ్వేనా? మాకు సలాం కొట్టినావని ఈ ఫొటో మెస్సులో గోడకు తగిలించుకున్నాం గదా!"

"సలామా? ఒక చేత్తో మిమ్మల్ని పిలుస్తా, ఇంకో చేత్తో దొడ్డిని చూపిస్తి. మీరేమో విమానం రెక్కలూపి పోతిరి."

ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని చూశాడు. రెండో చెయ్యి నిజంగానే దొడ్డివైపు చాచి ఉంది.

"అన్నా, నీకు దండం పెడతా. పుస్తకంలో సలామనే రాసుకుంటా. నువ్వెవరికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తా సార్? నా పొట్టేలు వీరమరణం పొందిందని మాత్రం ఒక లైను రాయండి."